రిటైరైన రైఫిళ్ళతో ఆదివారం పందెం

త్రీనాట్‌త్రీ అన్న మాట వినని తెలుగువాళ్ళు తక్కువ. ఎన్నికల బూత్ దగ్గర, ట్రెజరీ గుమ్మంలో, తిరనాళ్ళ బందోబస్తులో కానిస్టేబుల్ భుజాన వేలాడే ఆ పొడవాటి కర్ర తుపాకీని చూస్తూనే ఒక తరం పెరిగింది. అది పేలగా చూసినవాళ్ళు మాత్రం అరుదు. దాని అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. .303 అన్నది గొట్టం లోపలి కొలత, అంగుళాల్లో. బ్రిటిష్ సైన్యం కోసం పుట్టి, రెండు ప్రపంచ యుద్ధాలు చూసి, బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో మన దగ్గరా తయారై, ఆఖరికి పోలీసుల చేతికి దిగింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పెరేడ్‌తో దానికి వీడ్కోలు పలికారు.

అదే రైఫిల్ ఇంగ్లండ్‌లోని బిస్లీ మైదానంలో, ఆస్ట్రేలియా పల్లెటూరి క్లబ్బుల్లో, అమెరికాలో ఒహాయో, టెక్సస్ రేంజ్‌లలో వారాంతాల్లో ఇప్పటికీ పేలుతోంది. ఎదురుగా మనుషులుండరు, కాగితం మీద ఒక నల్లటి గుండ్రం ఉంటుంది. దాని పక్కన జర్మన్ మౌజర్, రష్యన్ మోసిన్, స్విస్ కే31, అమెరికన్ గరాండ్. ఒకప్పుడు ఎదురెదురు కందకాల్లో ఉన్న తుపాకులు ఒకే వరుసలో పడుకుని, పది మార్కులిచ్చే గుండ్రం కోసం పోటీ పడతాయి.

మన దేశంలో ఈ సరదా కుదరదు. ఆయుధ చట్టం లెక్కలో .303 నిషిద్ధ బోర్, మామూలు పౌరుడికి లైసెన్సు రాదు. అందుకే ఇషాపూర్‌లోనే .315 బోర్ అని వేరే తూటాకు సరిపడే రైఫిల్ చేసి పౌరులకు అమ్మారు. సైన్యం తూటా ఇంట్లో తుపాకీలోకి దూరకూడదన్నది అందులోని కిటుకు. మన క్లబ్బుల్లో నడిచేది చాలావరకు .22, ఎయిర్ రైఫిల్. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. కాబట్టి పాత సైనిక రైఫిళ్ళ పోటీ ఎలా నడుస్తుందో తెలియాలంటే అది బాగా వేళ్ళూనుకున్న చోటికి, అంటే అమెరికాకే వెళ్ళాలి.

సైన్యం రైఫిల్ జనం చేతికి ఎలా వచ్చింది? దీని వెనుక ఒక ప్రభుత్వ లెక్క ఉంది. యుద్ధమొస్తే పొలం నుంచి, ఫ్యాక్టరీ నుంచి వచ్చే కుర్రాళ్ళకు గురి నేర్పడానికి టైముండదు, శాంతికాలంలోనే నేర్పాలి అన్నది అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలపు ఆలోచన. 1903లో రైఫిల్ సాధన ప్రోత్సాహానికి ఒక జాతీయ బోర్డు పెట్టారు, అదే ఏడాది జాతీయ పోటీలు మొదలుపెట్టారు. 1907 నుంచి ఆ పోటీల ఇల్లు ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డునున్న క్యాంప్ పెర్రీ. (రెండో ప్రపంచ యుద్ధంలో అదే క్యాంపులో యుద్ధఖైదీలను ఉంచారు.) 1916లో పౌరుల సాధన కోసం సైన్యంలోనే ఒక డైరెక్టర్ ఆఫీసు వచ్చింది. 1996 చట్టంతో ఆ పని సైన్యం చేతిలోంచి సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే సంస్థకు మారింది. అందరూ సీఎంపీ అంటారు. మిత్రదేశాలకు అరువిచ్చిన గరాండ్‌లు గ్రీసు, డెన్మార్క్, ఫిలిప్పీన్స్, టర్కీల నుంచి ఓడల్లో తిరిగొస్తే, సీఎంపీ వాటిని బాగుచేసి పౌరులకు అమ్ముతుంది. కొనేవాడు అమెరికా పౌరుడై, అనుబంధ క్లబ్బులో సభ్యుడై ఉండాలి.

గరాండ్ గురించి రెండు మాటలు. జాన్ గరాండ్ కెనడాలో క్యుబెక్‌లో పుట్టి, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో పనిచేశాడు. ఆయన రూపకల్పనను అమెరికా సైన్యం 1936లో ఎం1 పేరుతో తీసుకుంది. ఒక్కోసారి ట్రిగ్గర్ నొక్కితే ఒక్కో తూటా, మధ్యలో బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి వెనుక మూసే ఇనుప కడ్డీ) లాగే పని లేదు. మిగతా దేశాల సిపాయిలు చాలామంది ఇంకా బోల్ట్ లాగుతున్న రోజులవి. బరువు 4.3 కిలోలు. మొత్తం మీద 50 లక్షలకు పైగా తయారయ్యాయి. 1998 నుంచి ఆయన పేరుతోనే క్యాంప్ పెర్రీలో ఏటా పోటీ జరుగుతోంది.

ఇక అసలు చిక్కుముడి. ఈ పోటీల రూల్స్ పుస్తకంలో మళ్ళీ మళ్ళీ కనిపించే షరతు ఒక్కటే: సైన్యం సిపాయికి ఎలా ఇచ్చిందో రైఫిల్ అలాగే ఉండాలి. వినడానికి తేలిక. ఆచరణలో ప్రతి మరమీదా వాదన పుడుతుంది.

ఎందుకంటే అసలు రూపం అనేది ఎక్కడా మిగల్లేదు. యుద్ధం అయ్యాక ఆయుధాగారాలు గరాండ్‌లను పూర్తిగా విప్పి, భాగాలను గుట్టలుగా పోసి, సరిపోయినవి తీసి మళ్ళీ బిగించాయి. బోల్ట్ ఒక కంపెనీది, ట్రిగ్గర్ ఇల్లు ఇంకో కంపెనీది, కర్ర మూడోచోటిది. సంగ్రహకులకు ఇది పెద్ద బెంగ, ఏ భాగం ఏ నెలలో తయారైందో భూతద్దంతో వెతుక్కుంటారు. పోటీకి వచ్చేవాళ్ళకు ఆ పట్టింపు లేదు. వాళ్ళ నిబంధన అడిగేది భాగాల పుట్టుక గురించి కాదు, వాటి ఆకారం, పనితీరు గురించి. గొట్టం అరిగిపోతే అదే కొలతల కొత్తది వేసుకోవచ్చు. కర్రకూ ఇనుముకూ మధ్య జిగురు పోసి కదలకుండా బిగించడం కుదరదు. మ్యాచ్ కోసం చేసిన సన్నటి సైట్లు (గురి చూసే భాగాలు) కుదరవు. ట్రిగ్గర్‌ను నున్నగా అరగదీసి తేలిక చెయ్యడమూ కుదరదు.

ట్రిగ్గర్ పరీక్ష చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఖాళీ రైఫిల్‌ను నిటారుగా, గొట్టం ఆకాశం వైపు ఉండేలా పట్టుకుని, ట్రిగ్గర్‌కు ఒక బరువు తగిలించి పైకి లేపుతారు. గరాండ్‌కు నాలుగున్నర పౌండ్లు, అంటే దాదాపు 2 కిలోలు. పాత బోల్ట్ రైఫిళ్ళకు మూడున్నర పౌండ్లు. ఆ బరువు గాల్లోకి లేచేదాకా ట్రిగ్గర్ ఆగాలి. ముందే టక్కుమందా, ఆ రైఫిల్ బయటికే. కిరాణా కొట్లో తూకం రాయి వేసి చూసినంత సింపుల్‌గా ఉంటుంది. వాదించడానికి ఏమీ మిగలదు.

ఇంత పట్టుదల దేనికి? నా లెక్కలో కారణం చరిత్ర మీద భక్తి కన్నా డబ్బు మీద భయమే ఎక్కువ. ఏ గురి పోటీనైనా వదిలేస్తే అది కొన్నేళ్ళలో పరికరాల పోటీ అవుతుంది. ఖరీదైన గొట్టం, ఖరీదైన ట్రిగ్గర్, తోలు కోటు, ఆపైన వాటిని కొనలేనివాడు ఇంటికి. గరాండ్‌లకే అది ఒకసారి జరిగింది. సైన్యం పెద్ద పోటీల కోసం వాటిని ప్రత్యేకంగా సానబట్టిన కాలం ఉంది. ఇప్పుడు మార్పులు చేసుకున్న గరాండ్‌లకు వేరే విభాగం పెట్టి, మామూలు విభాగాన్ని మామూలుగా కాపాడుకుంటున్నారు. అందరి చేతిలో ఉన్నది అరిగిన, బరువైన, కాస్త మొండి తుపాకీ అయినప్పుడు పక్కవాడి మీద అసూయ పుట్టదు. ఈ పోటీల్లో కనిపించే ఆ ఇంటివాతావరణానికి అక్కడి మనుషులు మంచివాళ్ళవడం ఒక్కటే కారణం అనుకోను. రూల్స్ పుస్తకం వాళ్ళను మంచిగా ఉండనిస్తోంది.

పోటీ క్రమం ఇది. దూరం 200 గజాలు, 183 మీటర్లు. అంత స్థలం లేని క్లబ్బులు 100 గజాల్లోనే, ఆ దూరానికి తగ్గించి అచ్చువేసిన కాగితం వాడతాయి. 200 గజాల టార్గెట్ మీద నల్లటి భాగం 13 అంగుళాలు, మన భోజనం పళ్ళెమంత. అందులో పదో గుండ్రం 7 అంగుళాలు. నట్టనడుమ ఎక్స్ అనే గుండ్రం 3 అంగుళాలు, గారె అంత. ఎక్స్‌కు విడిగా మార్కులేమీ లేవు, స్కోర్లు సమానమైతే ఎవరికి ఎక్కువ ఎక్స్‌లుంటే వాళ్ళు ముందు. ముప్పై తూటాలు, 300 మార్కులు.

మొదట బొర్లా పడుకుని 15 నిమిషాలు. ఇందులో అయిదు తూటాలు లెక్కలోకి రావు, సైట్ సరిచూసుకోవడానికి. తర్వాత పది లెక్కకు వస్తాయి. ఎడమ చేతికి చుట్టిన బెల్టు బిగుసుకుంటే రైఫిల్ నేలకు పాతినట్టు నిలుస్తుంది. ఎన్‌సీసీ క్యాంపులో .22 పేల్చినవాళ్ళకు ఈ భంగిమ పరిచయమే. కాకపోతే ఇక్కడ భుజానికి తగిలే దెబ్బ వేరు.

రెండోది వేగం: పది తూటాలు, 80 సెకన్లు. అసలు టెన్షన్ ఇక్కడే. గరాండ్‌లోకి తూటాలు ఇనుప క్లిప్‌తో సహా దిగుతాయి, ఒక క్లిప్‌కు ఎనిమిది. పదింటిని రెండుగా చెయ్యాలి కాబట్టి మొదట రెండు తూటాల క్లిప్, తర్వాత ఎనిమిది. ఆఖరి తూటా పేలగానే ఖాళీ క్లిప్ టింగుమని పైకెగురుతుంది. యాభైమంది ఒకేసారి రెండేసి పేలిస్తే వరుస పొడవునా టింగు టింగుమని మోగుతుంది, గుళ్ళో గంటలన్నీ ఒకేసారి కొట్టినట్టు. కొత్త క్లిప్‌ను బొటనవేలితో లోపలికి తోసిన మరుక్షణం బోల్ట్ ముందుకు దూకుతుంది. వేలు తియ్యడం ఆలస్యమైతే గోరు నల్లబడుతుంది. దానికి గరాండ్ బొటనవేలు అని పేరే ఉంది. బోల్ట్ రైఫిల్ వాళ్ళు అయిదు, అయిదుగా సన్నటి పట్టీ నుంచి తూటాలను కిందికి నొక్కుతారు. లీ-ఎన్‌ఫీల్డ్ తూటాకు అడుగున అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనుక పడిందో, ముందుకు కదలదు. పేర్చేటప్పుడే చూసుకోవాలి. చూసుకున్నవాడికి మాత్రం ఆ బోల్ట్ వెన్నలా జారుతుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటిష్ సిపాయిలు 300 గజాల్లో నిమిషానికి 15 తూటాలు గురితో కొట్టాలన్న సాధన చేసింది దీనితోనే.

రైఫిల్ మొరాయిస్తే? దానికి ఆలిబై అని ఒక పద్ధతి. తప్పు తుపాకీదైతే మళ్ళీ కాల్చే అవకాశమిస్తారు. తప్పు మీదైతే, అంటే క్లిప్ సరిగా పెట్టకపోయినా, లెక్క మరిచిపోయి తూటాలు మిగిలినా, లేదు. ఇది తేల్చేటప్పుడు రేంజ్ ఆఫీసర్ ముఖంలోకి అందరూ ఆశగా చూస్తారు.

మూడోది నిలబడి, పది నిమిషాల్లో పది తూటాలు. ఆసరా ఏమీ లేదు. నాలుగు కిలోల పైన ఇనుము, కర్ర చేతుల మీద ఊగుతూ ఉంటే, సైట్ నల్లటి గుండ్రం మీదుగా వెళ్ళే క్షణంలో ట్రిగ్గర్ నొక్కడమా, ఆగి దించి మళ్ళీ ఎత్తడమా అన్నది ప్రతిసారీ మీ నిర్ణయమే. పడుకున్నప్పుడు 95 తెచ్చుకున్నవాడు ఇక్కడ 70కి జారడం మామూలే.

కొత్తవాళ్ళను ఎక్కువ తికమక పెట్టేది సైట్. 100 గజాల్లో కాగితం మధ్యకు గురిపెడితే, తూటా జానెడు పైకి, ఒక్కోసారి కాగితం దాటి వెళ్ళిపోతుంది. రైఫిల్ పాడైందనుకుంటారు. పాడవలేదు, అది తన కాలం నాటి పాఠాన్ని గుర్తుపెట్టుకుంది. 20వ శతాబ్దం మొదట్లో సైన్యాలు దూరపు కాల్పులనే నమ్మాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 అనే అమెరికన్ బోల్ట్ రైఫిల్ వెనుక సైట్‌ను పూర్తిగా పడుకోబెట్టినా అది 500 గజాలు దాటిన దూరానికే లెక్క. చాలా స్వీడిష్ మౌజర్ల సైట్ 300 మీటర్ల నుంచి మొదలవుతుంది. శత్రువు నడుముకు గురిపెడితే దగ్గరున్నా, దూరమున్నా ఒంట్లో ఎక్కడో ఒకచోట తగులుతుందని ఆనాటి లెక్క. మనిషి నిలువు పొడవుకు అది సరే. ఏడంగుళాల గుండ్రానికి సరిపోదు.

దీనికి విరుగుడు గుండ్రం కింది అంచుకు గురిపెట్టడం. కంచె గుంజ మీద కుండ బోర్లించినట్టు, ముందు సైట్ మొన మీద నల్లటి బంతి కూర్చోవాలి. ఇంకా పైకే పోతుంటే ముందు సైట్‌ను కాస్త ఎత్తుది వేస్తే తూటా కిందికి దిగుతుంది. అది ఒప్పుకుంటారో లేదో పోటీకి ముందే అడగడం మంచిది.

సైట్ల దగ్గరే ఇంకో మాట. ఈ పోటీలకు వచ్చేవాళ్ళలో యాభై దాటినవాళ్ళు బాగా కనిపిస్తారు, చత్వారం అందరికీ ఉంటుంది. పాత మౌజర్‌లో వెనుక సైట్ గొట్టం మధ్యలో ఉండే చిన్న వి ఆకారపు గాడి. వెనుక గాడి, ముందు మొన, దూరపు గుండ్రం, మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడడం కుర్ర కన్నుకే కష్టం. గరాండ్‌కు, 1942లో వచ్చిన స్ప్రింగ్‌ఫీల్డ్ 1903ఏ3కి కంటి దగ్గర చిన్న రంధ్రమే సైట్. సన్నటి రంధ్రంలోంచి చూస్తే దగ్గరివీ దూరపువీ కాస్త తేటపడతాయి. కళ్ళజోడు మరిచిపోయినవాడు పిడికిలి సందులోంచి పేపర్ చదివినట్టు. అందుకే పెద్దవాళ్ళు ఈ రెండింటినీ వదలరు. గరాండ్‌కూ, స్ప్రింగ్‌ఫీల్డ్‌కూ, మిగతా దేశాల బోల్ట్ రైఫిళ్ళకూ వేర్వేరు విభాగాలు పెట్టడంలో ఉన్న న్యాయం కూడా ఇదే. మోసిన్ పట్టుకొచ్చినవాడిని గరాండ్‌తో పోల్చి ఓడించడంలో గొప్పేముంది?

ఇక భద్రత. ఇక్కడ సరదా లేదు. 1903 స్ప్రింగ్‌ఫీల్డ్‌లలో 8,00,000 లోపు నంబరున్నవి స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో పాత పద్ధతిలో కాల్చి గట్టిపరిచినవి. కొలిమిలో ఉక్కు సరైన వేడికి వచ్చిందో లేదో పనివాళ్ళు రంగు చూసి కంటితో చెప్పేవాళ్ళు. ఎండ కాసిన రోజు ఒక రంగు, మబ్బు పట్టిన రోజు ఇంకో రంగు. కొన్ని ఎక్కువ కాలి పెళుసుబారాయి, కొన్ని పగిలి మనుషులు గాయపడ్డారు. ఏది మంచిదో ఏది కాదో బయటికి తెలియదు. అందుకని సీఎంపీ పోటీల్లో వాటిని అసలు కాల్చనివ్వరు. తాతగారి జ్ఞాపకమైతే గోడకు తగిలించుకోవాలి, అంతే.

తూటా విషయంలోనూ జాగ్రత్త పడాలి. గరాండ్ గొట్టం చివర దగ్గర చిన్న రంధ్రంలోంచి వచ్చే వాయువు ఒక పొడవాటి కడ్డీని వెనక్కి నెట్టి పని నడిపిస్తుంది. ఆ కడ్డీని యుద్ధకాలపు తూటాకు సరిపడేలా చేశారు. ఈనాటి వేట తూటాల్లో బరువైన గుండు, నెమ్మదిగా కాలే మందు ఉన్నవి వాడితే, ఆ రంధ్రం దగ్గర ఒత్తిడి పెరిగి కడ్డీ వంగుతుంది. కొలత ఒకటే కాబట్టి తూటా ఇట్టే పడుతుంది, చిక్కంతా అక్కడే. గరాండ్ కోసమని డబ్బా మీద రాసినవి కొనాలి, లేదా గ్యాస్‌ను తగ్గించే మర మార్చుకోవాలి.

పాత మిలిటరీ తూటాలది ఇంకో తలనొప్పి. వాటి ప్రైమర్‌లో, అంటే మందుకు నిప్పంటించే భాగంలో ఉండే పొటాషియం క్లోరేట్ కాలి, గొట్టంలో ఉప్పులాంటి పదార్థాన్ని మిగులుస్తుంది. అది గాలిలోని తేమను పీల్చుకుని రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. నూనె రాసి ఊరుకుంటే లాభం లేదు, ఉప్పు నూనెలో కరగదు కదా. ముందు వేడినీళ్ళు పొయ్యాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాత నూనె. తుపాకీ గొట్టంలో కెటిల్‌తో నీళ్ళు పోసే పెద్దమనిషిని చూసి కొత్తవాళ్ళు నవ్వుతారు.

వరుస మీద క్రమశిక్షణ మాత్రం పట్టాలంలాగే ఉంటుంది. కుడివైపు సిద్ధమా, ఎడమవైపు సిద్ధమా అని అడిగి, అందరూ సిద్ధమని అరిచాకే కాల్పులు. ఎవరు సీజ్ ఫైర్ అన్నా అందరూ ఆగాలి. రైఫిల్ కింద పెడితే బోల్ట్ తెరిచి, తూటా కూర్చునే గదిలో రంగు ప్లాస్టిక్ పుల్ల దూర్చాలి. అది కనబడకపోతే మర్యాదగానే అయినా గట్టిగా చెప్తారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇక్కడ ఒకటి తెలుసుకోవాలి. స్నేహితుడు రమ్మన్నాడని హెచ్1బి మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉండి రేంజ్‌కు వెళ్ళి రైఫిల్ పట్టుకోవడం చిన్న విషయం కాదు. ఇలాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని 1998లో ఫెడరల్ చట్టంలో చేర్చారు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వాటిలో ఒకటి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకు ఈ అడ్డు లేదు. రాష్ట్రాల రూల్స్ మళ్ళీ వేరు. కొద్ది నిమిషాల ఫొటో కోసం వీసాను పణంగా పెట్టేకన్నా ముందు లాయర్‌ను అడగడం నయం. చూడ్డానికి వెళ్ళడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు.

రైఫిళ్ళ ధరలు పెరుగుతున్నాయి. ఒకప్పుడు 100 డాలర్లలోపు దొరికిన మోసిన్ ఇప్పుడు దానికి కొన్ని రెట్లు పలుకుతోంది. సీఎంపీ ఏళ్ళ తరబడి అమ్మిన గ్రీసు తూటాలు అయిపోయాయి. అయినా కొత్తవాడు ఖాళీ చేతులతో వెళ్ళినా చాలా క్లబ్బుల్లో ఎవరో ఒకరు తమ రైఫిల్ అరువిస్తారు. పతకాల పద్ధతి కూడా దీనికి కలిసొస్తుంది. మొదటి మూడు స్థానాలకే కాకుండా, నిర్ణయించిన స్కోరు దాటిన ప్రతివాడికీ సీఎంపీ స్వర్ణమో, రజతమో, కాంస్యమో ఇస్తుంది. పక్కవాడు స్వర్ణం కొడితే మీ స్వర్ణం తగ్గదు. అలాంటప్పుడు వాడికి గాలి ఎటు వీస్తోందో చెప్తే పోయేదేముంది?

పెద్ద రేంజ్‌లలో అందరూ వంతులవారీగా టార్గెట్ల కింద గోతిలోకి దిగాలి. పైన కాగితాన్ని దాటి తూటా పోతుంటే ఠప్పుమని చెవి పక్కన కొరడా కొట్టినట్టు వినిపిస్తుంది. కాగితం కిందికి లాగి, రంధ్రంలో గుర్తు గుచ్చి, మళ్ళీ పైకి తోస్తారు. ఇవతల గోతిలేని చిన్న క్లబ్బులో అందరూ తుపాకులు ఖాళీ చేసి, వరుసగా నడిచివెళ్ళి కాగితాలు చూస్తారు. మీ స్కోరు మీరు రాసుకోరు. పక్కవాడు రాస్తాడు, వాడిది మీరు రాస్తారు. తొమ్మిదికీ పదికీ మధ్య గీత మీద పడ్డ తూటా దగ్గర ఇద్దరూ వంగి, పెన్సిల్ మొనతో చూపించుకుంటూ కాసేపు నిలబడతారు. గీతను తాకిందంటే పది రాయాలి.